కొమ్ము కొలత

నల్లమాడ దాటి గుట్టల వైపు తిరిగితే వంకమీదిపల్లె అనే చిన్న ఊరొకటి వస్తుంది. ఆ ఊళ్ళో తుపాకి బాగుచేసే మనిషి ఒక్కడే, కమ్మరి కుళ్ళాయప్ప. గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ కాబట్టి ఆ పేరు. డెబ్బయ్యేళ్ళు దాటినా చూపు తగ్గలేదు. చేతులు మాత్రం పొద్దున పూట కాస్త వణుకుతాయి, కొలిమి వెచ్చబడితే అవీ నిలబడతాయి.

అతని దగ్గరికి వచ్చే తుపాకులు వేటగాళ్ళవి కావు. పంట కాపుకని సర్కారు లైసెన్సు ఇచ్చిన నాటు తుపాకులు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ కూరి, కడ్డీతో దట్టించి, వెనక నిప్పు పుట్టించే చిన్న టోపీ పెట్టి పేల్చేవి. సెనక్కాయ చేలల్లో కాయ పాలుపట్టే వేళకు అడవిపందులు మందలుగా దిగుతాయి. ఒక్క రాత్రిలో ఎకరం నేలను తిరగేసి పోతాయి. వాటిని బెదరగొట్టాలంటే ఒక్క పేలుడు చాలు. ఎన్నికలొస్తే ఆ తుపాకులన్నీ పోలీసు స్టేషనుకు పోయి కూర్చుంటాయి. అయిపోయాక తుప్పు పట్టి తిరిగొస్తాయి. అప్పుడు అందరికీ కుళ్ళాయప్ప గుర్తొస్తాడు.

అతను ఏ తుపాకి బాగుచేసినా దానికొక కొలత కట్టి ఇచ్చేవాడు. మేకపోతు కొమ్ము కొనను కోసి, లోపల ఆకురాయితో గీకి, ఆ తుపాకికి ఎంత మందు సరిపోతుందో అంత పట్టేలా చేసేవాడు. తుపాకిని చెట్టుకు కట్టి, తాను బండ చాటున కూర్చుని, మీటకు కట్టిన పొడుగు తాడు లాగి పేల్చి చూసేవాడు. కొమ్ము కొంచెం లోతైతే పడేసి ఇంకొకటి కోసేవాడు. తృప్తి కలిగాక దాన్ని ఎర్రదారంతో తుపాకి కర్రకే ముడేసేవాడు. ఆ ముడి ఎవ్వరూ విప్పగూడదు. "తుపాకికొక కొమ్ము, కొమ్ముకొక తుపాకి. మార్చొద్దు" అని చెప్పి పంపేవాడు. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల ఏ చేనిలోనూ తుపాకి పగిలి ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందుకే జనం ఆ కొమ్మును తాయెత్తు మాదిరి చూసేవాళ్ళు. కొందరు దానికి పసుపు కూడా పూసేవాళ్ళు.

పసుపు చూసినప్పుడల్లా కుళ్ళాయప్ప ముఖం తిప్పుకునేవాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

భార్య పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. అయినా అతని పొయ్యి చల్లారితే ఊరికి తెలుస్తుంది. రోజూ పొద్దున రైతు ఎర్రన్న పెండ్లాం తిప్పమ్మ చేనికి పోతూ పోతూ ఒక గిన్నెలో సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టి కొలిమి గట్టు మీద ఉంచి పోతుంది. అది ఆమె మొదలుపెట్టిన అలవాటు కాదు. ఆమె అత్త నుంచి వచ్చింది. ఎర్రన్న తండ్రి చిన్నప్ప, కుళ్ళాయప్ప ఒకే బడిలో ఒకే పలక మీద దిద్దుకున్న స్నేహితులు. చిన్నప్ప కాలం చేసి రెండేళ్ళయింది. గిన్నె మాత్రం ఆగలేదు. మనిషికి ఆకలి తీర్చే చేతిని దేవుడు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఇట్లా అందిస్తూ ఉంటాడు.

ఈ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చిన నాలుగు చినుకులకే ఎర్రన్న మూడెకరాల సెనక్కాయ నిలబెట్టుకున్నాడు. కాయ గట్టిపడే వేళకు పందులు దిగాయి. ఇంట్లో తుపాకి ఉంది గానీ మందు లేదు. టౌనులో తుపాకి మందు అమ్మే అంగడి మూతబడి చాలా రోజులైంది. రెండు రాత్రులు ఇనప తట్ట కొట్టి కాపలా కాశాడు. మూడో రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. తెల్లారి చూస్తే అర ఎకరం దున్నినట్టుగా ఉంది.

ఆ మరునాటి సాయంత్రం, పొద్దు గుట్టల మీదికి వాలుతున్న వేళ, తిప్పమ్మ ఖాళీ గిన్నె కోసం కొలిమి దగ్గరికి వచ్చింది. ముఖం తేటగా ఉంది.

"ఈ పొద్దుతో పందుల పీడ పోతాది మామా. మా అన్న వచ్చినాడు."

"ఎవురు, మిలటరీ ఓబుళేసా?"

"ఆయనే. డబ్బా మందు తెచ్చినాడు. మిలటరీ రైఫిళ్ళ మందంట. వాళ్ళకు మిగిలిపోయింది తుక్కు కింద పోతే ఎవరో స్నేహితుడు దాచిపెట్టినాడంట."

కుళ్ళాయప్ప చేతిలోని ఆకురాయి ఆగింది. "ఎట్లుండాది ఆ మందు? నల్లగా పిండి మాదిరా?"

"కాదు మామా. ఆవాల కన్నా సన్నం, బూడిద రంగు. నున్నగా మెరుస్తాది. చూసేకి బాగుండాది."

"కాల్చి చూసినారా?"

"చూసినారు. తట్టలో చిటికెడు పోసి అగ్గిపుల్ల గీసినారు. మన మందైతే బుస్సుమని లేస్తాది కదా, ఇది నిదానంగా, పొగ కూడా లేకుండా కాలింది. పిల్లోడు కూడా భయపడడు. ఇది సప్ప మందులే, ఒక కొమ్ము చాలదు, ఒకటిన్నర పోద్దాం అన్యాడు మా అన్న. నీ కొమ్ముతోనే కొలిచి పోసినారులే మామా, నువ్వేం భయపడాకు. తుపాకి నింపుకొని ఇద్దరూ మంచె మీదికి పోయినారు."

కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు. కొలిమి తిత్తి పక్కన పెట్టిన నీళ్ళ కుండ కాలికి తగిలి దొర్లింది. అతను చూడలేదు.

"ఫోను చెయ్యి పాపా. ముట్టుకోవద్దని చెప్పు."

"ఫోను ఇంట్లోనే చార్జింగుకు పెట్టిపోయినాడు. మా అన్న ఫోనుకు ఆడ సిగ్నలు రాదు. ఏమైంది మామా?"

అతను గోడకు తగిలించిన మెలికల కడ్డీ, కూరిన గుడ్డను గుచ్చి బయటికి లాగేది, తీసుకుని భుజాన కండువా కూడా లేకుండా వీధిలోకి నడిచాడు. చేను రెండు మైళ్ళు. పొద్దు కూకేలోపు పోవాలి. పందులు దిగేది అప్పుడే.

ఊరి చివర పాల క్యాన్ల బండి ఎదురొచ్చింది. కేంద్రానికి పాలు పోసే ఆంజి నడుపుతున్నాడు. ముసలాయన అట్లా పరుగులాంటి నడకతో పోవడం చూసి ఆగాడు.

"యాడికి తాతా, దెయ్యం తరుముకొచ్చినట్టు?"

"ఎర్రన్న చేనికి. బిరీన పోవల్ల."

ఆంజి పోయేది ఇంకో దిక్కు. పాలు ఆలస్యమైతే కేంద్రంలో తిడతారు. అయినా ఒక్క మాట అడగకుండా బండి తిప్పి, రెండు క్యాన్లు దించి రచ్చబండ కాడ పెట్టి, ముసలాయనను ఎక్కించుకున్నాడు. వంక దాకా తెచ్చి దింపాడు. ఆ పైన ఇసుక, బండి పోదు. "నిదానంగా పో తాతా" అన్నాడు. అంతే. తర్వాత ఆ మేలు గురించి అతను ఎవరికీ చెప్పుకోలేదు.

ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే కుళ్ళాయప్పకు చిన్నప్ప గుర్తొచ్చాడు. గుర్తు రావడమేమిటి, నలభై ఏళ్ళకు ముందు, చేతిలో తుపాకి గొట్టం పగిలిన ఆ రోజు నుంచి చిన్నప్ప అతని కళ్ళ ముందరే ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఒక మాట గొంతులో ఉంచుకుని ఆ ఇంటి సంగటి తిన్నాడు. ఆ మాట ఈ రోజు చెప్పాల్సి వస్తుందేమో అని అప్పుడే తోచింది. చెబితే ఆ గిన్నె ఆగిపోతుంది. చెప్పకుండా పని జరిగితే ఎంత బాగుండు స్వామీ అనుకున్నాడు.

మంచె దగ్గరికి చేరేటప్పటికి గుట్ట వెనక ఎర్రటి అంచు మాత్రం మిగిలింది. ఎర్రన్న మంచె మీద తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓబుళేసు కింద బండ మీద బీడీ కాల్చుకుంటున్నాడు. పదిహేడేళ్ళు పటాలంలో చేసి వచ్చిన మనిషి, మంచివాడు, చెల్లెలి ఇంటి కష్టం చూడలేక ఎక్కడెక్కడో తిరిగి ఆ డబ్బా తెచ్చాడు.

"ఏందప్పా, చిన్నాయనే వచ్చినాడు!" అన్నాడు ఎర్రన్న పైనుంచి. తండ్రి స్నేహితుణ్ణి చిన్ననాటి నుంచి చిన్నాయనా అనే పిలుస్తాడు. "పందుల్ని చూసేకి వచ్చినావా?"

"ఎర్రన్నా, ఆ టోపీ తియ్యి. తుపాకి మూతి చేని వైపే ఉంచి, టోపీ తీసి కిందికి దిగు."

"ఎందుకు?"

"ఆ మందు మన గొట్టానికి పనికిరాదు. పేలిస్తే గొట్టం పగుల్తాది."

ఓబుళేసు నవ్వాడు. "పెద్దాయనా, పదిహేడేండ్లు తుపాకి మోసినా. మందంటే నాకు తెలీదా?"

"మోసినావు నాయనా, కాదనను. నీ చేతికి తూటా నింపిచ్చినారు. నింపినోడు వేరే. వాడి కాడ త్రాసు ఉంటాది, ఏ రైఫిలుకు ఏ మందు ఎంతో రాసిన పుస్తకం ఉంటాది. గింజ ఎక్కువ పోయడు. ఒక రైఫిలు మందు ఇంకో రైఫిలుకే పోయరంట. మనది తాతల నాటి గొట్టం."

"కాల్చి చూసినాం కదా. అగరొత్తి మాదిరి కాలింది. మీ నాటు మందులో సగం వేగం లేదు."

"ఆరుబయట అది పిల్లే నాయనా. మూసిన గొట్టంలో పులి."

"అబ్బా, సామెతలు బాగానే చెప్తావు" అన్నాడు ఓబుళేసు, కోపం లేకుండానే. "నీ కొమ్ముతోనే కదా కొలిచింది? నీ కొమ్మును నువ్వే నమ్మకపోతే ఎట్లా?"

ఆ మాట కుళ్ళాయప్పకు సూటిగా తగిలింది. నలభై ఏళ్ళు తాను జనానికి నేర్పింది కొమ్మును నమ్మమని. కొమ్ములో ఏది పోయాలో చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు, ఆ పాత మాట బయటపడుతుంది.

చేని అవతలి గట్టున కంది చెట్లు కదిలాయి. ఎర్రన్న నడుం నిటారుగా పెట్టాడు.

"చిన్నాయనా, పక్కకు జరుగు. వచ్చినాయి. నిన్న అర ఎకరం పోయింది, ఈ పొద్దు మిగిలింది కూడా పోతే నేను బిడ్డలకు ఏం పెట్టల్ల? నీకు వయసైపోయింది, అన్నిటికీ భయపడతాండావు. బావ మిలటరీ మనిషి. ఆయనకు తెలీదా?" అని తుపాకి భుజానికి ఎత్తాడు.

కుళ్ళాయప్ప మంచె నిచ్చెన ఎక్కాడు. మెట్టు మెట్టుకూ కర్ర కిర్రుమంది. పైకి చేరి, చెయ్యి చాచి తుపాకి మూతికి తన అరచేయి అడ్డం పెట్టాడు.

"చిన్నాయనా! పిచ్చి పట్టిందా నీకు?"

"మీ నాయనకు ఎడమ కన్ను ఎట్ల పోయింది ఎర్రన్నా?"

ఎర్రన్న తెల్లబోయాడు. "గొట్టం పగిలి పోయింది. తుప్పు పట్టిన గొట్టం. నీకు చూపించకుండా పేల్చినాడంట. ఆయనే చెప్పేవాడు కదా, నా తప్పే అని."

"తుప్పు లేదు. ముందు రోజే నేను గీకి నూనె పెట్టి ఇచ్చినా. అద్దం మాదిరి ఉండె. సెలవు మీద వచ్చిన సిపాయి ఒకడు ఇట్లాంటి మందే పొట్లం కట్టి తెచ్చినాడు. మీ నాయన నా కాడికి పట్టుకొచ్చి, ఏరా కుళ్ళాయీ, ఇది పనికొస్తాదా అన్యాడు. నేను ఇనుము కొట్టే దాయి మీద చిటికెడు పోసి కాల్చినా. మెత్తగా కాలింది. నేను నవ్వినా. ఇది సప్ప మందురా, రెండింతలు పోసుకో అని చెప్పినా. నా నోటితో చెప్పినా. వాడు నన్ను నమ్మి పోసినాడు."

కింద ఓబుళేసు బీడీ చేతిలోనే ఆరిపోయింది.

"ఆసుపత్రిలో పోలీసులు అడిగినారు. నేను తలుపు కాడ నిలబడుండా. చెప్దామని నోరు తెరిచేలోపే వాడు, తుప్పు గొట్టం సార్, కమ్మరికి చూపించకుండా పేల్చినా అన్యాడు. బయటికొచ్చినాక నేను కాళ్ళు పట్టుకుంటే, నీ పొయ్యి ఆరిపోతే నాకు కన్ను తిరిగొస్తాదా, నోరు మూసుకో అన్యాడు. పోయేదాకా మీ అమ్మకు కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మీ ఇంటి సంగటి తిన్యాను." అరచేయి ఇంకా మూతి మీదే ఉంది. "నేను భయస్తుణ్ణే నాయనా. అందుకే ఇన్నేండ్లు ఆగినా. ఇప్పుడు నీ రెండు కండ్లు నా ముందర ఉండాయి. పేల్చాలంటే నా చేతిలోంచి పేల్చు."

కంది చెట్లలో మళ్ళీ అలికిడి. ఎర్రన్న ముసలాయన ముఖంలోకి చూశాడు. తర్వాత బొటనవేలితో నిదానంగా టోపీని ఊడదీశాడు. దాన్ని జేబులో వేసుకుని, తుపాకిని అతని చేతుల్లో పెట్టి, నిచ్చెన దిగి వెళ్ళాడు.

పందులు దిగాయి. ఓబుళేసే ముందు లేచి ఖాళీ నూనె డబ్బా తీసుకుని బండకేసి బాదాడు. ఎర్రన్న గొంతు చించుకుని అరుస్తూ టార్చిలైటుతో చేనికి అడ్డంగా పరిగెత్తాడు. ఆ అరుపు పందుల మీదో, ఇంకెవరి మీదో చెప్పడం కష్టం. మంద ఒక సాలు పొడుగునా తవ్వి, బెదిరి, గుట్ట వైపు మళ్ళింది.

మంచె కింద కుళ్ళాయప్ప మెలికల కడ్డీతో గుడ్డ బయటికి లాగి, గొట్టం వంచి మందును ఒక ఆకులో దులిపాడు. వణికే చేతులు ఆ పని చేసేంతసేపూ వణకలేదు. ఓబుళేసు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆకులోని బూడిదరంగు గింజల కుప్ప వైపు చూసి, "నా చెల్లెలి మొగుడు పెద్దాయనా" అన్నాడు. "నేనే చేతులారా..."

"నువ్వు మేలు చేద్దామనే తెచ్చినావు. నేనూ ఆ పొద్దు మేలు చేద్దామనే చెప్పినా. డబ్బా ఇంట్లో పెట్టుకోవద్దు నాయనా. స్టేషనులో అప్పగించు. తిడితే తిట్టించుకో."

మరుసటి రోజు ఓబుళేసు డబ్బా తీసుకుని స్టేషనుకు పోయాడు. తిట్లు తిన్నాడు, కాగితం మీద సంతకం పెట్టాడు, చెల్లెలి చేనికి తిరిగొచ్చి డబ్బాలు కొడుతూ కాపలా ఉన్నాడు.

కొలిమి గట్టు మీదికి గిన్నె రాలేదు. ఆ మరునాడూ రాలేదు. కుళ్ళాయప్ప తప్పు పట్టలేదు. తానే వండుకున్న అన్నం అడుగంటినా, మాడు వాసన వస్తున్నా తిన్నాడు. తింటూ ఆలోచించాడు. తుపాకి మందు అంగడి మూతబడింది ఒక్క ఎర్రన్నకే కాదు. ఎన్ని ఊళ్ళలో తన కొమ్ములు వేలాడుతున్నాయో. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఏదో ఒక డబ్బా తెస్తారు. తట్టలో కాల్చి చూస్తారు. కొమ్ముతో కొలిచి, అంతా పద్ధతిగానే ఉందనుకుంటారు. మందు లేని ఇంట్లో కొమ్ము ఉండగూడదు.

నాలుగో రోజు పొద్దున ఒక గోనెసంచి భుజాన వేసుకుని, కుళ్ళాయిస్వామికి దణ్ణం పెట్టుకుని, కొలిమి తడిక మూసి బయలుదేరాడు. ఊరు దాటకముందే వెనక మోటార్‌సైకిలు చప్పుడైంది. ఎర్రన్న. ముఖం బిగించుకుని ఉన్నాడు. హ్యాండిలుకు గిన్నె వేలాడుతోంది, పైన గుడ్డ కట్టి ఉంది.

"యాడికి?"

"కొమ్ములు వెనక్కి తీసుకునేకి."

"ఎన్ని ఊర్లు?"

"గుర్తున్నన్ని."

"నడిచి పోతావా?" అని, జవాబుకు ఆగకుండా గిన్నె తీసి అతని చేతిలో పెట్టాడు. "ముందు తిను. తిని ఎక్కు."

కుళ్ళాయప్ప దారి పక్కన బండ మీద కూర్చుని తిన్నాడు. ఎర్రన్న అటు తిరిగి నిలబడ్డాడు.

మొదటి రెండు ఇళ్ళలో కుళ్ళాయప్పే చెప్పాడు, చిన్నప్ప కథ మొదట్నుంచి చివరిదాకా. ఎర్రన్న వాకిట్లోనే బండి దగ్గర నిలబడి విన్నాడు. మూడో ఇల్లు మారెప్పది. తుపాకి తెచ్చి ముందర పెట్టాడు గానీ కొమ్ము ఇవ్వడానికి అతనికి మనసొప్పలేదు. దానికి పసుపు పూసి ఉంది.

"ఇన్నేండ్లు కాపాడినదాన్ని ఎందుకు తీసుకుంటావప్పా? నేనేం తప్పు చేసినా?"

కుళ్ళాయప్ప నోరు తెరిచాడు. పొద్దుటి నుంచి అదే మాట మూడోసారి. అంతలో వాకిట్లోంచి ఎర్రన్న లోపలికి వచ్చాడు.

"మా నాయనకు కన్ను పోయింది దీనివల్లనే మారెప్పన్నా. కొమ్ము మంచిదే. దాంట్లో మిలటరీ మందు పోసినాడు. ఎవరో తెలీక చెప్పినారంట, పోసుకోమని. వాళ్ళ తప్పు కూడా కాదు. కాల్చి చూస్తే ఎవరైనా మోసపోతారు."

కుళ్ళాయప్ప తలెత్తాడు. అచ్చం ఆసుపత్రిలో విన్న గొంతే. అదే అడ్డం పడటం, అదే ఒక్క మాటతో ఎదుటి మనిషిని వెనక దాచుకోవడం. కొడుకుకు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. నెత్తురులో వచ్చింది.

"ఎవరో కాదు మారెప్పా" అన్నాడు నెమ్మదిగా. "చెప్పింది నేనే. ఆ పిల్లోడు నన్ను దాస్తాండాడు. వాళ్ళ నాయన కూడా అట్లనే దాచినాడు. ఇంక దాచొద్దు."

మారెప్ప ఒకసారి ఇద్దరినీ చూశాడు. తుపాకిని ముందుకు జరిపాడు. ఎర్రదారం ముడి ఏళ్ళ తరబడి నూనె తాగి రాయిలా బిగిసింది. కుళ్ళాయప్ప గోళ్ళతో పీకాడు, రాలేదు. ఎర్రన్న పక్కన గొంతుక్కూర్చుని, వంగి, పండ్లతో ముడి వదులు చేసి, కొమ్ము తీసి గోనెసంచిలో వేశాడు. పెదవికి పసుపు అంటింది.

బయటికొచ్చి బండి ఎక్కారు. ముందర దారంతా గులకరాళ్ళు, వాన కోసిన గాడులు.

"గట్టిగా పట్టుకో చిన్నాయనా" అన్నాడు ఎర్రన్న.